మా పిన్ని పెంచిన పెద్దాడు

మా పిన్నికి ఒక్కతే కూతురు. కానీ ఆ వీధిలో ఎవరినడిగినా ఇద్దరు పిల్లలనే చెబుతారు. పెద్దాడు బ్యాంకులో ఉంటాడు. అంటే అక్కడ ఉద్యోగం చేస్తాడని కాదు, అక్కడే పడి ఉంటాడని. పెళ్ళైన కొత్తలో పిన్నీ బాబాయీ మొదలుపెట్టిన డిపాజిట్‌కి పెట్టుకున్న ముద్దుపేరు అది. "ముసలితనంలో మనల్ని చూసేది వాడేగా" అని బాబాయి ఒకసారి నవ్వుతూ అన్న మాట ఇంట్లో పాతుకుపోయి, తర్వాత వీధిలోకి పాకింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు "ఏం వదినా, పెద్దాడు ఒళ్ళు చేశాడా?" అని అడిగేవారు. "వాడికేం, తిన్నది తిన్నట్టు ఒంటికి పడుతుంది" అనేది పిన్ని. ఆ మాట అనేటప్పుడు ఆవిడ ముఖంలో వేళాకోళం కన్నా కన్నతల్లి గర్వమే ఎక్కువ కనిపించేది. బాబాయి కాలు పోయేదాకా నేనూ అందరితో పాటు నవ్వి ఊరుకున్నాను.

నా సంగతి కూడా ముందే చెప్పాలి, లేకపోతే ఎవరో పొదుపరి చెబుతున్న నీతికథ అనుకుంటారు. నా చేతిలో డబ్బు నిలవదు. ఫ్రిజ్ వాయిదాల మీదే కొన్నాను, ఫోనూ అంతే. మా అమ్మా ఇంతే. అమ్మా పిన్నీ ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ళే, కానీ ఒకరు పండిన రోజే వండుకు తినే రకం, ఇంకొకరు ఎంగిలిచేత్తో కాకిని తోలని రకం. పిన్ని పనిచేసే బూట్ల ఫ్యాక్టరీలోనే నేనూ పనిచేస్తాను. ఆవిడ చెకింగులో, నేను ప్యాకింగులో. ఆవిడ పాస్ చేసిన జత నా దగ్గరికొచ్చి అట్టపెట్టెలోకి వెళుతుంది.

చెకింగ్ బల్ల దగ్గర కూర్చుని పిన్ని ప్రతి బూటులోకీ చెయ్యి దూర్చి, మడమ నుంచి వేళ్ళ కొస దాకా తడుముతుంది. లోపల దారం ముడి ఉన్నా, జిగురు గడ్డకట్టినా, మేకు మొన కాస్త పైకి తేలినా ఆ వేలికి తెలియాలి. "వేసుకునేవాడెవడో మనకి తెలియదు, కానీ వాడి కాలికి గుచ్చుకుంటే ఆ పాపం మనదే" అనేది.

మేము పనిలో చేరిన కొత్తలో ఇక్కడ ఒక్కటే షెడ్డు. చుట్టూ ముళ్ళకంప. తర్వాత ఏటికొకటి లేచాయి. గాజు పలకలు, రేకు డబ్బాలు, ఫ్యాన్లు, అట్టపెట్టెలు, దేనికి దానికే ఒక షెడ్డు. ఒక ఫ్యాక్టరీ మనుషుల్ని పక్క ఫ్యాక్టరీ లాక్కుపోతుంటే, పోకుండా ఆపడానికి ఏటా జీతాలు పెంచక తప్పేది కాదు. మిగతా ఊళ్ళలో జీతం పెరగాలంటే సమ్మె చెయ్యాలి. మా దగ్గర గేటు వైపు కాస్త ఎక్కువసేపు చూస్తే చాలు, సూపర్‌వైజర్ వచ్చి "ఏమ్మా, ఏమైనా ఇబ్బందా?" అని అడిగేవాడు.

జీతం పెరిగిన రోజు అందరి ఇళ్ళల్లో ఆ ఒక్క పూటకైనా సినిమాకో, కొత్త బట్టలకో బయల్దేరేవారు. పిన్ని ఇంట్లో మాత్రం తలుపు దగ్గరగా వేసుకుని ఇద్దరూ చాప మీద కూర్చునేవారు. పెరిగింది ఎంతో చెప్పుకుని, దాన్ని మరిచిపోవాలని ఒప్పందం చేసుకునేవారు. అదీ వాళ్ళ పద్ధతి. పెళ్ళైన ఏడు ఇద్దరికీ కలిపి ఎంత జీతం వచ్చేదో, ఇల్లు అంతలోనే గడవాలి. ఆ పైన వచ్చిందంతా పెద్దాడిది. ధరలు పెరిగినప్పుడు బియ్యానికీ అద్దెకీ సడలింపు ఉండేది, అదీ రెండు రోజులు వాదించుకున్నాక. మిగతావేవీ కదలలేదు. అదే ఒంటిగది, అదే చిన్న వంటిల్లు, తల తిప్పేటప్పుడు టకటకమనే అదే టేబుల్ ఫ్యాను. జీతం నాలుగింతలైనా వాళ్ళు మొదటి ఏట్లోనే కాపురం చేస్తున్నారు.

"పిన్నీ, కనీసం మూడో ఏటికైనా రండి" అనేదాన్ని నేను.

"నువ్వు వచ్చే ఏడు జీతం కూడా ఇప్పుడే తినేశావు, ముందు వెనక్కి రా" అనేది ఆవిడ.

ఆవిడ ఒక్కతే అలా ఉందనుకుంటే పొరపాటు. ఆవిడకి పిచ్చి కాస్త ముదిరింది గానీ, వీధి వీధంతా అదే దారి. మా ఊళ్ళో బ్యాంకు రెండో శాఖ తెరిచినప్పుడు ఆఫీసరొకాయన ఫ్యాక్టరీకి వచ్చి, భోజనాల గదిలో బెంచీ ఎక్కి మాట్లాడాడు. మీరు వేసిన డబ్బే అప్పుగా వెళ్ళి కొత్త షెడ్లు అవుతోంది, రోడ్లు అవుతోంది, దేశం ఇంత వేగంగా ఎదుగుతోందంటే మీ పొదుపే పునాది అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. పిన్ని అయితే ఆ రోజంతా పక్కనే లేస్తున్న కొత్త షెడ్డు వైపు, సొంత కొడుకు కట్టిస్తున్న ఇంటిని చూసుకున్నట్టు చూసింది. మరుసటి ఏడు టీవీలో ఇంకో పెద్దమనిషి కనబడి, జనం మరీ ఎక్కువ కూడబెడుతున్నారు, ధైర్యంగా ఖర్చు పెట్టాలి, అప్పుడే వ్యాపారాలు నడుస్తాయి అన్నాడు.

"ఆయనకి పింఛను ఉంది. జ్వరం వస్తే చూసే డాక్టరున్నాడు. ధైర్యానికేం తక్కువ?" అంది పిన్ని. టీవీ నాదే లెండి. వాళ్ళింట్లో ఎక్కడిది?

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. మా తాతయ్యకి ఊపిరితిత్తుల జబ్బు చేసినప్పుడు ఇంట్లో చిల్లిగవ్వ లేదు. ముందు అమ్మమ్మ కుట్టు మిషను పోయింది, తర్వాత అమ్మ చదువు పోయింది, ఆఖరికి తాతయ్యే పోయాడు. అప్పులిచ్చినవాళ్ళు ఓదార్చడానికి వచ్చినట్టే వచ్చి గుమ్మంలో గొంతు పెంచి మాట్లాడారు. పిన్ని అప్పుడు చిన్నపిల్ల, తలుపు వెనక నిలబడి అంతా వింది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఎవరి ముందూ చెయ్యి చాచకూడదని అప్పుడే అనుకుంది. ఈ ఊళ్ళో జబ్బు చేస్తే దిక్కేముంది? మా ఫ్యాక్టరీలో వైద్యమంటే ఒక గది, ఒక నర్సు. తల నొప్పైనా, కడుపు నొప్పైనా, వేలు తెగినా ఒకటే తెల్ల మాత్ర. బాబాయికి అదీ లేదు. ఆయన గాజు పలకల గోడౌనులో కాంట్రాక్టు మనిషి, వచ్చిన రోజుకే లెక్క.

బాబాయి గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. మనిషి సరదా. పిన్ని పిసినారితనం మీద మొదట జోకు వేసేది ఆయనే, ఆ నియమాన్ని ఆవిడ కన్నా గట్టిగా పట్టుకునేదీ ఆయనే. గోడౌనులో పలకల్ని లారీలకెత్తించే పని. బొటనవేళ్ళ దగ్గర ఇనపరేకు ఉండే బరువైన బూట్లు వేసుకుని రోజంతా నిలబడాలి. ఒకసారి ఎవరో గోడౌనుకొచ్చి ఉచితంగా రక్తం చూసి, షుగర్ ఎక్కువగా ఉంది, పెద్దాసుపత్రికి వెళ్ళి పరీక్షలు చేయించుకోమని చెప్పారట. ఆ సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు. నీళ్ళు ఎక్కువ తాగుతున్నాడని అడిగితే, గాజు దుమ్ము అన్నాడు. చొక్కా వదులైందేమంటే, ఉతికి ఉతికి బట్ట సాగింది అన్నాడు.

ఆ తర్వాత ఆయన తన మేజోళ్ళు తానే ఉతుక్కోవడం మొదలుపెట్టాడు.

వీధికంతటికీ అదో వినోదం. ఏనాడూ తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టని మనిషి, పని నుంచి రాగానే కుళాయి దగ్గర కూర్చుని మేజోళ్ళు రుద్దుతుంటే ఆడవాళ్ళు తమ మొగుళ్ళని పిలిచి చూపించారు. "ఇన్నేళ్ళకి బుద్ధొచ్చింది" అని పిన్ని మురిసిపోయింది. "ఏం బాబాయ్, పెద్దాడు సబ్బు డబ్బులిచ్చాడా?" అని నేనూ ఆటపట్టించాను. ఆయన నవ్వి, మేజోడు పిండి, లోపలి వైపు బయటికి కనబడకుండా తీగ మీద ఆరేశాడు. అప్పటికే అరికాలి కింద పుండు లేచిందని మాకు తర్వాత తెలిసింది. షుగర్ వల్ల అక్కడ స్పర్శ తగ్గిపోయింది కాబట్టి నొప్పి అంతగా తెలియలేదు. తెలిసిందల్లా తడి, వాసన. గుడ్డపేలిక చుట్టి, పౌడరు చల్లి, దాని మీద మేజోడు, దాని మీద ఆ బరువైన బూటు తొడుక్కుని పనికి వెళ్ళాడు. ఎక్కడో ఎవరో తొడుక్కోబోయే బూట్లన్నిట్లో చెయ్యి పెట్టి తడిమే మనిషి, ఒక్క గదిలో కాపురముండి కట్టుకున్నవాడి కాలు చూడలేదు. ఆవిడని తప్పుపట్టడానికి అనడం లేదు. ఆయన చూడనివ్వలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన గోడౌనులో చలితో వణుకుతూ కూలబడ్డాడు. తోటివాళ్ళు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళి మాకు ఫోను చేశారు. మేము వెళ్ళేసరికి నర్సు కత్తెరతో బూటు కోస్తోంది. కాలు వాచిపోయి అది ఊడి రాలేదట. బూటు తీశాక ఆ గదిలో ఉన్నవాళ్ళంతా ముక్కుకి గుడ్డ పెట్టుకున్నారు. పిన్ని మాత్రం పెట్టుకోలేదు. ఆ కాలినే చూస్తూ నిలబడింది.

డాక్టరు మాట దాచలేదు. "కుళ్ళు పైకి పాకింది. మోకాలి కింద దాకా తీసెయ్యాలి. ఇవాళే. ఆలస్యం చేస్తే మనిషి దక్కడు."

"మొదట్లోనే వస్తే?" అని నేనడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"మందులూ కట్లూ సరిపోయేవి. ఎందుకింత ఆలస్యం చేశారు? డబ్బు ఇబ్బందా?"

డబ్బు ఇబ్బంది లేదని చెప్పడానికి సిగ్గేసింది నాకు. డబ్బుందని చెప్పుకోవడానికి సిగ్గుపడటం నా జీవితంలో అదే మొదటిసారి.

ఆపరేషనుకి తీసుకెళ్ళే ముందు పిన్ని ఆయన పక్కన కూర్చుంది. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే పెద్దాణ్ణి కదిలిస్తావు."

"ఇందుకు కాకపోతే మరెందుకు కూడబెట్టాం?"

"కాలి మీద పుండేగా, ఇంత చిన్నదానికా అనుకున్నా. రేపు నిజంగా పెద్ద జబ్బేదైనా వస్తే? అప్పటికి వాడు ఉండాలి కదా" అన్నాడు బాబాయి. జ్వరంలో కూడా ఎంతో సబబైన మాట చెబుతున్నట్టే చెప్పాడు. అది విని ఆయన మీద కోపం రావాలి. నాకు ఏడుపొచ్చింది.

ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాక వరండాలో పిన్ని నాతో, "నేనైనా అలాగే చేసేదాన్ని" అంది. ఇంకేమీ అనలేదు.

డబ్బు కట్టడానికి మేమిద్దరం బ్యాంకుకి వెళ్ళాం. పిన్ని సంచిలోంచి డిపాజిట్ కాగితాలన్నీ తీసి కౌంటరు మీద పెట్టి, రెండు చేతులూ వాటి మీదే ఉంచింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి మెల్లిగా ఒక్కొక్కటీ లాక్కుని చూసింది. "ఎంత కావాలమ్మా?"

పిన్ని ఆసుపత్రి చీటీ చూపించింది.

"దీనికి ఇవన్నీ ఎందుకు? ఈ చిన్నది ఒక్కటి చాలు. గడువుకి ముందే తీస్తున్నారు కాబట్టి వడ్డీ కాస్త తగ్గుతుంది, పర్వాలేదా?"

పిన్నికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పించుకుంది. ఇన్నేళ్ళూ ఆవిడ మనసులో ఆసుపత్రి అంటే ఇంటిని నమిలి మింగేసేది. తాతయ్యని మింగినట్టు, మిషనునీ చదువునీ మింగినట్టు. ఇక్కడేమో ఒక్క కాగితంతో సరిపోయింది. మిగతావన్నీ ఆ అమ్మాయి సర్ది, పిన్ను గుచ్చి, వెనక్కి ఇచ్చేసింది. పెద్దాడికి గోరు కూడా విరగలేదు. బాబాయికి కాలు పోయింది.

ఆయన ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్ళందరితో, "ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. పెద్దాడు ఆదుకున్నాడు" అని చెప్పాడు. వచ్చినవాళ్ళు తలలూపారు. "అందుకే అంటారు, దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని" అని ఒకాయన పిన్నిని మెచ్చుకున్నాడు. పిన్ని టీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకే వెళితే పొయ్యి వైపు తిరిగి నిలబడి ఉంది. "ఆ మాట అననివ్వకే ఆయన్ని. వినలేకపోతున్నాను" అంది.

ఇక మారతారనుకున్నాను. నేను వట్టి వెర్రిదాన్ని. ఆ ఏడు కూడా జీతాలు పెరిగాయి. ఆ సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. బాబాయి మంచం మీద, పిన్ని చాప మీద. పెరిగింది బ్యాంకులో వెయ్యాలని ఆయన, వద్దని ఆవిడ.

"సగమైనా ఇంట్లో వాడదామండీ. మీకు కృత్రిమ కాలు పెట్టించాలి."

"కర్రలున్నాయిగా. ఇప్పుడు నా జీతం కూడా లేదు. ఇదివరకు ఇద్దరి సంపాదన ఉన్నప్పుడే అంత భయపడ్డాం. కాలు పోయాక భయం పెరగాలా, తగ్గాలా, నువ్వే చెప్పు."

దెబ్బ తినడమే ఇంకా దాచడానికి కారణమైతే ఎవరేం చెప్పగలరు? "మీ ఇద్దరికీ కలిపి బుర్ర ఒక్కటే, అది కూడా బ్యాంకులో వేశారు" అని తిట్టి వచ్చేశాను. మర్నాడు డబ్బు బ్యాంకుకే వెళ్ళింది.

అయితే పిన్నిలో ఒక్కటి మారింది. ప్రతి ఆదివారం ఇంట్లో వాళ్ళని కూర్చోబెట్టి, ఒంట్లో ఎలా ఉందని అడగడం మొదలుపెట్టింది. ఊరికే అడిగితే సరిపోదని బాబాయి మిగిలిన కాలిని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ మధ్య చూసేది. కూతుర్నీ అడిగేది. ఆ పిల్ల, మా చెల్లి, చదువైపోయి రేకు డబ్బాల ఫ్యాక్టరీలో, పక్కవాళ్ళ మాట కూడా వినబడని మోతలో, ప్రెస్సు మిషను మీద చేరి ఏడాది దాటింది. వచ్చిన జీతం వచ్చినట్టు తల్లి చేతిలో పెట్టేది. "నాకేం లేదమ్మా" అనేది ప్రతిసారీ. ఆ జవాబు ఎంత త్వరగా వచ్చేదో గమనించి రాత్రిళ్ళు తనకి నిద్ర పట్టడం లేదని పిన్ని నాతో చెప్పింది. "వాళ్ళ నాన్న కూడా ఇలాగే అనేవారే" అంది.

కిందటి ఆదివారం నేను వెళ్ళేసరికి చెల్లి కింద కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. బాబాయి మంచం మీద పేపరు చదువుతున్నాడు. చెల్లికి ఎడమ పక్కనే టేబుల్ ఫ్యాను టకటకమంటూ తిరుగుతోంది. పిన్ని చెల్లి వెనక, కుడి పక్కగా కూర్చుని జడ వెయ్యడానికి దువ్వెన తీసుకుంది. "ఒంట్లో ఎలా ఉందే? ఎక్కడైనా నొప్పిగా ఉందా?" అని అడిగింది.

చెల్లి మాట్లాడలేదు. చొక్కా మడత పెట్టింది.

"నిన్నే. చెప్పు, తిట్టను."

చెల్లి ఇంకో చొక్కా అందుకుంది. మొండికేసిందనుకుని నేను కసరబోయాను. అప్పటికే పిన్ని దువ్వెన కింద పెట్టేసింది. అరచేత్తో కూతురి ఎడమ చెవి మూసింది. వంగి, కుడి చెవికి నోరు ఆనించినంత దగ్గరగా పెట్టి, "వినిపిస్తోందా?" అంది. ఆ గదిలో అందరికీ వినబడింది. చెల్లి మాత్రం, అమ్మ ఏమంటోందని అడుగుతున్నట్టు నా ముఖంలోకి చూసింది.

పిన్ని చెయ్యి తీసేసి ఆ పిల్ల ఎదురుగా వచ్చి కూర్చుంది. "ఎప్పట్నుంచే?"

చెల్లి తల దించుకుంది. "చలికాలం నుంచి. ముందు గుయ్యిమని మోత వచ్చేది. తర్వాత అదీ పోయింది."

"నాకెందుకు చెప్పలేదు తల్లీ?"

"ఇంకో చెవి బాగానే ఉందిగా అమ్మా."

పిన్ని ఏడవలేదు. లేచి వెళ్ళి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది. "లే. ఆసుపత్రికి వెళుతున్నాం."

"ఇవాళ ఆదివారం అమ్మా. ఫీజు రెట్టింపు తీసుకుంటారు" అంది చెల్లి.

"అవునే, రేపు వెళ్ళొచ్చుగా. ఇన్నాళ్ళు ఆగింది, ఒక్క రోజుకేమవుతుంది?" అన్నాడు బాబాయి పేపరు దించి. ఆయనకి కూతురంటే ప్రాణం. అయినా ఆ మాటే అన్నాడు.

పిన్ని గుమ్మంలో ఆగింది. ఆవిడ కళ్ళు నేల మీదికి దిగాయి, పెదవులు కదిలాయి. ఆదివారం ఫీజుకీ సోమవారం ఫీజుకీ తేడా ఎంతో ఆవిడ కూడా లెక్కేస్తోందని నాకు అర్థమైంది. ఆసుపత్రిలో ఆ కాలిని చూసినప్పుడు కూడా నాకు అంత భయం వెయ్యలేదు. తర్వాత ఆవిడ లోపలికి వచ్చి, కూతురి చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కెళ్ళింది. చెల్లి దారి పొడవునా రేపు వెళదామమ్మా, రేపు వెళదామని అంటూనే ఉంది.